మానని గాయం – మందుల చరిత్ర

తెలుగు సాహిత్యం పాఠం చెప్పుకునేవాడికి బాక్టీరియాల చరిత్రతో పనేమిటని మిత్రులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నన్ను ఈ చరిత్రలోకి దింపింది ఒక కాగితం. మా మేనమామ కాలిపుండు నుంచి తీసిన చీమును పరీక్షించి ఒక ప్రయోగశాల యిచ్చిన కాగితం అది. పైన రెండు క్రిముల పేర్లు: స్టాఫిలోకాకస్ ఆరియస్, సూడోమోనాస్ ఎరుగినోసా. వాటి కింద ఎడమవైపు మందుల పేర్లు, కుడివైపు దాదాపు ప్రతి మందుకూ ఎదురుగా ఒకే మాట: రెసిస్టెంట్. అంటే ఆ మందుకు ఆ క్రిమి లొంగదు.

మామయ్య కౌలు రైతు. నాట్ల రోజుల్లో మడిగట్టు మీద నడుస్తూవుంటే తుమ్మముల్లు అరికాల్లో దిగింది. చక్కెర వ్యాధి వున్న మనిషి కావటంవల్ల పాదానికి స్పర్శ తగ్గి వుంది. ముల్లు దిగిన సంగతి రెండు రోజుల దాకా తెలియలేదు. తెలిశాక ఊళ్లో ఆర్.ఎం.పి. డాక్టరు మూడు రోజులకు మాత్రలు పొట్లం కట్టి యిచ్చాడు. వాపు తగ్గింది. మళ్లీ మడిలో దిగాడు. మళ్లీ చీము పట్టింది. మళ్లీ మాత్రలు, ఈసారి వేరే రంగువి. పాదానికి ప్లాస్టిక్ సంచి కట్టుకుని బురదలో నడిచాడు. ఈ విధంగా ఎనిమిది నెలలు గడిచాయి. చివరకు నేను పట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకువెళ్లాను. అక్కడి డాక్టరు కాగితం చూసి, ‘మందులు సగంలో మానేసి క్రిముల్ని నువ్వే మొండిచేసుకున్నావు’ అని కోప్పడ్డాడు. మామయ్య నేరం ఒప్పుకున్నవాడిలాగా తల దించుకున్నాడు. బయటికి వచ్చాక మాత్రం, ‘మడిలో దిగకుండా కౌలు ఎవరు కడతారు అల్లుడూ?’ అన్నాడు.

నేరం ఎవరిది? ఈ వ్యాసం ఆ ప్రశ్నకు సమాధానం వెతికే ప్రయత్నం మాత్రమే.

గాయం నుంచి పుట్టిన శాస్త్రం

మానే గాయానికీ మానని గాయానికీ తేడా వుందని మనిషికి చాలాకాలం నుంచీ తెలుసు. సుశ్రుత సంహిత శుద్ధవ్రణాన్నీ దుష్టవ్రణాన్నీ వేరుచేసి చెప్పి, వ్రణచికిత్సకు 60 ఉపక్రమాలను వివరించింది. అయితే దుష్టత్వం ఎక్కడినుంచి వస్తున్నదనే ప్రశ్నకు భౌతికమైన సమాధానం 19వ శతాబ్దిలోగాని దొరకలేదు. గ్లాస్గోలో లిస్టర్ 1865లో కార్బాలిక్ ఆమ్లంతో గాయాలు కడిగి, 1867లో తన ఫలితాలు ప్రకటించాడు. స్కాట్లండులోనే ఆగ్‌స్టన్ అనే శస్త్రవైద్యుడు చీములో ద్రాక్షగుత్తుల్లాగా కనిపించిన క్రిములకు 1882లో స్టాఫిలోకాకస్ అని పేరు పెట్టాడు. అదే ఏడు ఫ్రాన్సులో గెస్సార్డ్, సైనికుల కట్లకు నీలిపచ్చ రంగు అంటించే చీములోనుంచి మరో క్రిమిని వేరుచేశాడు. నేడు దాన్ని సూడోమోనాస్ అంటున్నాం. మా మామయ్య కాగితం మీది రెండు పేర్లూ ఆ విధంగా ఒకే దశకంలో శాస్త్రంలోకి ప్రవేశించాయి.

కాని క్రిమిని కనుక్కోవటం వేరు, గాయాన్ని మాన్పటం వేరు. ఈ తేడాను మొదటి ప్రపంచయుద్ధం నెత్తురుతో రుజువు చేసింది. ఎరువు వేసిన పొలాల్లో కందకాలు తవ్వుకుని పోరాడిన సైనికుల గాయాల్లోకి పెంకులతో పాటు మట్టీ, గుడ్డపీలికలూ చొచ్చుకుపోయేవి. ఫ్రాన్సులోని బులోన్ పట్టణంలో ఒక జూదశాలను సైనికాసుపత్రిగా మార్చారు. అందులోని ప్రయోగశాలలో అల్మ్‌రోత్ రైట్ నాయకత్వం కింద అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పనిచేశాడు. క్రిమిసంహారకాలు పోసినా లోతైన గాయాలు కుళ్లుతున్నాయి. ఎందుకు? ఫ్లెమింగ్ ఒక గాజు గొట్టాన్ని వేడిచేసి, దాని అడుగున ముళ్లలాంటి సందులు సాగదీసి, ఒక కృత్రిమ గాయాన్ని తయారుచేశాడు. అందులో క్రిములున్న ద్రవం పోసి, తరవాత క్రిమిసంహారకం పోసి, దాన్ని వొంపేసి చూశాడు. సందుల్లో దాగిన క్రిములు బతికే వున్నాయి. మందు పైపైనే తిరిగింది. పైగా ఆ మందు గాయంలో క్రిములతో పోరాడే తెల్లకణాలను ముందుగా చంపుతున్నది. కనుక చచ్చిన కండను కోసివేయటం, శుభ్రం చేయటం, శరీరానికి తన పని తాను చేసుకునే వీలు కల్పించటం ముఖ్యమని రైటూ ఫ్లెమింగూ వాదించారు.

పెన్సిలిన్ కనుక్కున్నవాడుగా మనం పూజించే ఫ్లెమింగ్ అంతకు పదేళ్ల క్రితమే చెప్పిన ఈ పాఠం, పెన్సిలిన్ విజయంతో మరుగునపడింది. తరవాతి చరిత్రను అర్థంచేసుకోవటానికి దీన్ని గుర్తుంచుకోవటం అవసరం.

మందుకు ముందే దాని విరుగుడు

1935లో జర్మనీలో డొమాక్ ప్రాంటోసిల్ అనే ఎర్రరంగు మందును ప్రకటించాడు. ఐ.జి. ఫార్బెన్ అనే గుత్త సంస్థ ప్రయోగశాలలో పుట్టిన మందు అది. అదే ఏడు పారిస్‌లోని పాశ్చర్ సంస్థ శాస్త్రజ్ఞులు ఒక రహస్యం బయటపెట్టారు: శరీరంలో ఆ రంగు విరిగిపోయి సల్ఫానిలమైడ్ అనే పదార్థంగా మారుతుంది, పనిచేసేది అదే. ఆ పదార్థాన్ని 1908లోనే తయారుచేసి వున్నారు, దాని మీద పేటెంటు హక్కు అప్పటికే గడిచిపోయింది. దాంతో ఎవరైనా చేసుకోగల చవక మందు ప్రపంచానికి దక్కింది.

పెన్సిలిన్ కథ అందరికీ తెలిసిందే కనుక దాన్ని తిరిగి చెప్పను. ఒక్క తేదీల వరుసను మాత్రం గమనించమని కోరుతున్నాను. 1940 డిసెంబరులో ఆక్స్‌ఫర్డ్‌లో ఏబ్రహామ్, చెయిన్ అనే యిద్దరు పరిశోధకులు, కొన్ని బాక్టీరియాలలో పెన్సిలిన్‌ను విరిచివేసే ఎంజైము వుందని ప్రకటించారు. 1941 ఫిబ్రవరి 12న అదే ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు ఆ మందుతో చికిత్స ప్రారంభించారు. ముఖమంతా చీముపట్టి చావుకు సిద్ధంగా వున్న మనిషి తేరుకున్నాడు. అతని మూత్రం నుంచి కూడా మందును తిరిగి తీసి ఎక్కించారు. అయినా చాలలేదు, మందు అయిపోయింది, మార్చి 15న అతడు మరణించాడు. అనగా మందు రోగుల దగ్గరకు చేరకముందే దాన్ని ఓడించే శక్తి ప్రకృతిలో వున్నదని శాస్త్రానికి తెలుసు. కెనడాలోని యూకాన్ ప్రాంతంలో 30,000 ఏళ్లుగా గడ్డకట్టి వున్న మట్టిలో సైతం నిరోధక జన్యువులు వున్నాయని 2011లో వెల్లడయింది. బూజులూ బాక్టీరియాలూ మట్టిలో ఒకదానితో ఒకటి పోరాడుతూ యుగాలనుంచి తయారుచేసుకున్న ఆయుధాలే మన మందులు. డాళ్లు కూడా అక్కడే తయారైనాయి.

ఆ యుద్ధకాలంలోనే మాస్కోలో గౌజే, బ్రజ్నికోవా అనే శాస్త్రజ్ఞులు ఒక తోట మట్టిలోని బాక్టీరియా నుంచి గ్రామిసిడిన్ ఎస్ అనే మందును తీశారు. ఆ ‘ఎస్’ సోవియట్ అనే మాటకు సంకేతం. 1943 నుంచి ఎర్రసైన్యపు ఆసుపత్రుల్లో దాన్ని గాయాలకు వాడారు. యుద్ధం ముగిశాక అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల నుంచి ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ మందుల్లో అదే మొదటిది. దాన్ని మట్టినుంచి వేరుచేసినవాడు డగ్గర్. ఆ పరిశోధనలకు నాయకత్వం వహించినవాడు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఒక ఆచార్యుడి ఆగ్రహానికి గురై, పూర్తి డిగ్రీకి బదులు తక్కువ పట్టాతో బయటపడిన ఆ మనిషి, 1948లో ఆ మందు లోకానికి తెలిసిన కొద్దికాలానికే కన్నుమూశాడు.

రెండేళ్లు తిరక్కుండానే అదే సంస్థలో మరొక విషయం తేలింది. ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని మేతలో కలిపితే కోళ్లు త్వరగా బరువెక్కుతాయని 1950లో జ్యూక్స్, స్టోక్‌స్టాడ్ ప్రకటించారు. ఇక రోగంతో నిమిత్తం లేకుండా యాంటీబయాటిక్‌లు మేత బస్తాల్లోకి ప్రవేశించాయి. ఐరోపా కూటమి ఈ పద్ధతిని పూర్తిగా నిషేధించటానికి 2006 దాకా పట్టింది. ఆఖరి ఆయుధంగా దాచుకోవలసిన కొలిస్టిన్‌ను పశువుల మేతలో వాడరాదని మన ప్రభుత్వం ఆజ్ఞాపించింది 2019లో. మనిషి ప్రాణం కోసం వెతికిన మందు, మాంసం సరుకు తూకం పెంచే సాధనంగా మారటానికి రెండేళ్లు చాలింది. ఆ తప్పు దిద్దుకోవటానికి అర్ధశతాబ్దం పైగా చాలలేదు.

నేర్చుకుంటాయా? మిగిలిపోతాయా?

క్రిములు మందుకు ఏ విధంగా అలవాటుపడతాయి? ఈ ప్రశ్న మీద జరిగిన వాదోపవాదాలతో వామపక్ష మేధావులకు ప్రత్యేక సంబంధం వుంది. దాన్ని దాటవేయటం నిజాయితీ కాదు.

మందు తగలటంవల్ల క్రిమి తనను తాను మార్చుకుని, ఆ మార్పును సంతానానికి అందిస్తుందని ఒక వాదం. ఆక్స్‌ఫర్డ్ రసాయన శాస్త్రజ్ఞుడు హిన్షెల్‌వుడ్ వంటివారు కూడా దీన్ని సమర్థించారు. మందు తగలకముందే కోట్లాది క్రిముల్లో ఒకటో రెండో యాదృచ్ఛికంగా మారి వుంటాయనీ, మందు మిగతావాటిని చంపి వాటికి చోటిస్తుందనీ రెండో వాదం. 1943లో లూరియా, డెల్‌బ్రుక్ లెక్కలతో రెండోదాన్ని బలపరిచారు. 1952లో లెడర్‌బర్గ్ దంపతులు మఖమల్ గుడ్డను ముద్రలాగా వాడి, ఒక పళ్లెంలోని క్రిముల అచ్చును మరో పళ్లెంలోకి దించి, మందును ఎన్నడూ ఎరగని క్రిముల్లోనే నిరోధక క్రిములు వున్నాయని చూపారు.

1948 వేసవిలో సోవియట్ వ్యవసాయ అకాడమీ సమావేశం లైసెంకో సిద్ధాంతాన్ని అధికార సత్యంగా ప్రకటించి, జన్యుశాస్త్రాన్ని బూర్జువా శాస్త్రంగా తోసిపుచ్చింది. అంతకు అయిదేళ్ల ముందే మహాశాస్త్రజ్ఞుడు వావిలోవ్ సరతోవ్ జైలులో మరణించాడు. బెర్నాల్ వంటి మేధావి లైసెంకోను సమర్థించాడు. తరవాత మన దేశానికి వచ్చి 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన హాల్డేన్, ఆ వివాదం దరిమిలా పార్టీకి దూరమైనాడు. పరిసరాలు జీవిని మారుస్తాయనే మాట వినటానికి మనకు ఇంపుగా వుంటుంది. సమాజం మారితే మనిషి మారతాడనే మన ఆశకు దగ్గరగా వుంటుంది. కాని ఇంపుగా వున్నంత మాత్రాన నిజం కాదు. గతితర్కాన్ని నమ్మేవారు మొదట గౌరవించవలసింది వాస్తవాన్ని.

మరొక మలుపు కూడా చెప్పాలి. 1959లో జపానులో విరేచనాల వ్యాధి క్రిములను పరిశోధిస్తూ ఒచియాయ్, అకిబా ఒక వింత విషయం గమనించారు: అనేక మందులకు లొంగని గుణాన్ని ఒక క్రిమి మరొక క్రిమికి నేరుగా అందిస్తున్నది. ఆ గుణం ప్లాస్మిడ్ అనే చిన్న జన్యువలయాల్లో ప్రయాణం చేస్తుంది. ఒక జాతినుంచి మరొక జాతికి కూడా చేరుతుంది. లైసెంకో అన్నది యిది కాదు. అయినా, క్రిమి ఒంటరిది కాదనీ, నిరోధకత ఒక సామూహిక సంపద అనీ దీనివల్ల తేలింది.

దోషి ఎవరు?

1945 డిసెంబరులో నోబెల్ ఉపన్యాసంలో ఫ్లెమింగ్ ఒక నీతికథ చెప్పాడు. ఒకాయనకు గొంతునొప్పి వస్తుంది. పెన్సిలిన్ కొనుక్కుని, చాలినంత వేసుకోడు. అతని గొంతులోని స్ట్రెప్టోకాకస్ క్రిములు మందుకు అలవాటుపడి అతని భార్యకు అంటుకుంటాయి. ఆమె మరణిస్తుంది. ఆ చావుకు కారకుడు ఎవరు? అజాగ్రత్తగా మందు వాడిన భర్త.

మా మామయ్యను కోప్పడిన డాక్టరు నోట వినిపించింది ఈ కథే. ఇందులో హెచ్చరిక వున్న మాట నిజమే. మోతాదు తక్కువైతే ప్రమాదమే, వైద్యుడు చెప్పకుండా మందు మొదలుపెట్టటమూ మానటమూ రెండూ తప్పే. కాని చరిత్ర ఈ కథను ఏ విధంగా పరీక్షించిందో చూడండి. గొంతునొప్పి కలిగించే ఆ స్ట్రెప్టోకాకస్ ఈనాటికీ పెన్సిలిన్‌కు లొంగుతూనే వుంది. లొంగనిది స్టాఫిలోకాకస్. అది ఎక్కడ ఎదురుతిరిగింది? లండనులోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో మేరీ బార్బర్ ఏటేటా లెక్క కట్టింది. 1948 నాటికి అక్కడి స్టాఫిలోకాకస్ నమూనాల్లో సగానికి పైగా పెన్సిలిన్‌కు లొంగనివే. అందుకు కారణం ఒక్కొక్క రోగి ఒంట్లో క్రిమి మొండితేరటం కాదనీ, అప్పటికే మొండితేరిన క్రిములు మంచం నుంచి మంచానికి పాకటమేననీ ఆమె చూపింది. అనగా నేరస్థలం రోగి గొంతు కాదు, కిక్కిరిసిన వార్డు. 1960లో మెథిసిలిన్ వాడుకలోకి వచ్చింది. 1961లోనే దానికి లొంగని స్టాఫిలోకాకస్‌ను గురించి ప్యాట్రిషియా జెవన్స్ రాసింది.

‘పూర్తి కోర్సు వాడకపోవటమే నిరోధకతకు మూలం’ అనే సూత్రానికి గట్టి ఆధారాలు లేవని 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కొందరు నిపుణులు రాశారు. అవసరానికి మించి మందు వాడినకొద్దీ ఒంటి మీదా పేగుల్లోనూ నిరపాయంగా బతికే క్రిములమీద కూడా ఎంపిక ఒత్తిడి పెరుగుతుందని వారి వాదం. డెబ్బై ఏళ్లపాటు రోగి నెత్తిన మోపిన నేరం ఆధారాల ముందు నిలవటం కష్టమైంది.

గాయం లోపలి లోకం

ఇంతకూ మానని గాయంలో జరిగేదేమిటి? క్రిమికి రోగం కలిగించే శక్తి ఎంత వుందో దాన్ని ఉగ్రత అందాం. స్టాఫిలోకాకస్‌కు నెత్తుటిని గడ్డకట్టించి దానిచాటున దాక్కునే ఎంజైము వుంది. కణాల గోడలకు చిల్లులు పొడిచే విషం వుంది. సూడోమోనాస్ కండను కరిగించే ఎంజైములను వదులుతుంది. తెల్లకణాలను చంపే సబ్బులాంటి పదార్థాన్ని తయారుచేస్తుంది. సంఖ్య తక్కువగా వున్నప్పుడు మౌనంగా వుండి, రసాయన సంకేతాలతో ఒకదాన్నొకటి లెక్కపెట్టుకుని, తగినంత బలగం చేరాక ఒక్కసారిగా ఈ ఆయుధాలు తీస్తుంది.

అయితే ఇదే స్టాఫిలోకాకస్ ఆరోగ్యవంతుల్లో దాదాపు ముప్పైశాతం మంది ముక్కుల్లో ఏ హానీ చేయకుండా కాపురముంటున్నది. కనుక ఉగ్రత అనేది క్రిమి జేబులో పెట్టుకు తిరిగే వస్తువు కాదు. క్రిమికీ శరీరానికీ మధ్య వున్న సంబంధం. నెత్తురు చాలినంతగా చేరని పాదంలో, చక్కెర ఎక్కువై తెల్లకణాలు మందగించిన ఒంట్లో, మామూలు క్రిమి కూడా ఉగ్రమవుతుంది.

ఇంకొక విశేషం. దీర్ఘకాలం గాయంలో వున్న క్రిములు తరచు తమ ఉగ్రతను తగ్గించుకుంటాయి. సూడోమోనాస్‌లో ఆ సంకేతవ్యవస్థ చెడిపోయిన రకాలు పైకి వస్తాయి. స్టాఫిలోకాకస్‌లో నెమ్మదిగా పెరిగే పొట్టి రకాలు మన కణాలలోపలే నక్కి వుంటాయి. విరుచుకుపడి చంపే దశ పోయి, పాతుకుపోయి పీల్చే దశ వస్తుంది. ఒంటరిగా తేలే క్రిములు జిగురు పదార్థంతో గూడు కట్టుకుంటాయి. ఈ గూటిని బయోఫిల్మ్ అంటారు. 1978లో కోస్టర్టన్ దీని ప్రాముఖ్యాన్ని వివరించాడు. 2008లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశీలనలో దీర్ఘకాలిక గాయాల నమూనాల్లో 60 శాతంలో ఈ గూళ్లు కనిపించాయి. తాజా గాయాల్లో 6 శాతంలోనే. గూటి అడుగున క్రిములు దాదాపు నిద్రలో వుంటాయి. పెరుగుతున్న క్రిమిని దెబ్బకొట్టేందుకు తయారైన మందు నిద్రపోయేదాన్ని ఏమీ చేయలేదు. పెన్సిలిన్ వేసినా చావకుండా మిగిలే కొద్ది క్రిములను 1944లోనే బిగ్గర్ గమనించాడు. అవి జన్యువుల్లో మారినవి కావు, కేవలం వేచివుండేవి.

ఫ్లెమింగ్ గాజు గొట్టం సందులు ఇప్పుడు గుర్తుకు రావాలి. మానని గాయంలో మందుకు అడ్డు మూడు చోట్ల వుంది: క్రిమి జన్యువులో, జిగురు గూటిలో, నెత్తురు చేరని కండలో. ప్రయోగశాల కాగితం మొదటిదాన్ని మాత్రమే చెబుతుంది. నాలుగో అడ్డు మనిషి బతుకులో వుంది. దాన్ని చూసినవాడు వెల్లూరులో పనిచేశాడు.

భారం దించటం

1946లో వెల్లూరు క్రిస్టియన్ వైద్య కళాశాలకు వచ్చిన పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల పాదాల పుండ్లను పరిశీలించాడు. కుష్ఠురోగి కండకు మానే గుణమే లేదని ఆనాటి నమ్మకం. అది తప్పని బ్రాండ్ చూపాడు. కండ మామూలుగానే మానుతుంది. పోయింది నొప్పి మాత్రమే. నొప్పి వున్నవాడు గాయమైన కాలు మోపకుండా కుంటుతాడు. నొప్పి తెలియనివాడు దానిమీదనే రోజంతా నడుస్తాడు. ప్రతి అడుగూ గాయాన్ని తిరిగి తెరుస్తుంది. కాలికి పిండికట్టు వేసి భారం దించితే ఏళ్లతరబడి మానని పుండు మానింది. మానినవారికి మెత్తని రబ్బరు చెప్పులు కుట్టించారు. 1960లలో ఆయన అమెరికాలోని కార్‌విల్ ఆసుపత్రికి వెళ్లి, అదే సూత్రాన్ని చక్కెర వ్యాధిగ్రస్తుల పాదాలకు అన్వయించాడు. నేడు పాదపు పుండ్ల చికిత్సలో భారం దించటం మొదటి సూత్రాల్లో ఒకటి. దక్షిణ భారత పేదల పాదాలనుంచి ప్రపంచం నేర్చుకున్న పాఠం అది.

కాని భారం దించుకోమని ఎవరికి చెప్పగలం? కూలిపని మానితే పూట గడవనివాడికి విశ్రాంతి అనేది ఏ దుకాణంలోనూ దొరకని మందు. అందుకని విశ్రాంతికి బదులు మాత్ర యిస్తాం. శుభ్రమైన నీటికి బదులు మాత్ర, కట్టు మార్చే నర్సుకు బదులు మాత్ర, చెప్పులకు బదులు మాత్ర. ఆర్.ఎం.పి. డాక్టరు యిచ్చే పొట్లం అజ్ఞానపు చిహ్నమని చదువుకున్నవాళ్లం ఈసడించుకుంటాం. నిజానికి అది సమాజం యివ్వని వాటన్నిటికీ బదులుగా చెల్లించిన చిల్లర. మన దేశంలో చక్కెర వ్యాధి వున్నవారు పది కోట్లకు పైగా వున్నారని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం తేల్చింది. ఈ చిల్లరతో అంత అప్పు తీరదు.

మన నీళ్లు

ఆ మాత్రల పొడి తయారయ్యే చోట్లలో మన హైదరాబాదు పరిసరాలు ముఖ్యమైనవి. దీనికీ చరిత్ర వుంది. 1954లో పింప్రీలో ప్రభుత్వరంగంలో హిందూస్థాన్ యాంటీబయాటిక్స్ స్థాపించి, మరుసటి ఏడు పెన్సిలిన్ తయారీ ప్రారంభించారు. 1961లో సోవియట్ సహకారంతో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. హైదరాబాదులో కర్మాగారం కట్టింది. 1970 పేటెంట్ల చట్టం విదేశీ గుత్తాధిపత్యాన్ని దెబ్బకొట్టింది. పేదవాడికి మందు అందటం ఆ విధానాల ఘనత. దాన్ని తక్కువచేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించను. కాని 1990లలో ఐ.డి.పి.ఎల్. ఖాయిలా పడింది. అక్కడ పని నేర్చుకున్న నైపుణ్యం ప్రైవేటు కర్మాగారాలకు తరలింది.

పటాన్‌చెరు ప్రాంతంలో దాదాపు 90 మందుల కర్మాగారాల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటకు వచ్చే నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. శుద్ధిచేశాక కూడా లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ వుంది. ఆ మందు వేసుకున్న రోగి నెత్తుటిలో వుండే మోతాదుకంటె అది ఎక్కువ. ఫ్లెమింగ్ కథలోని భర్త ఒక గొంతుకు అరకొర మందు వేశాడు. ఇక్కడ వాగులకు వాగులే మందు తాగాయి. ఆ వాగుల పక్కన సేద్యం చేసుకునే రైతును కోర్సు పూర్తిచేయలేదని కోప్పడగలమా?

2010లో మద్రాసు, బ్రిటన్ పరిశోధకులు కలిసి, అత్యంత శక్తివంతమైన కార్బపెనెమ్ మందులను సైతం విరిచే ఒక ఎంజైము మన దేశంలో వ్యాపిస్తున్నదని రాశారు. దానికి న్యూఢిల్లీ పేరు పెట్టటంవల్ల దేశప్రతిష్ఠకు భంగమని గగ్గోలు చెలరేగింది. మరుసటి ఏడు ఢిల్లీలో 50 కుళాయి నీటి నమూనాల్లో రెండింటిలోనూ, వీధుల్లో నిలిచిన 171 మురుగునీటి నమూనాల్లో 51 చోట్లా ఆ జన్యువు దొరికింది. పేరును గురించి జరిగినంత చర్చ నీటిని గురించి జరగలేదు.

లాభం లెక్క

అయితే కొత్త మందు కనుక్కోరాదా? అమెరికాలో అకాయోజెన్ అనే సంస్థ ప్లాజోమైసిన్ అనే కొత్త యాంటీబయాటిక్‌ను తయారుచేసి 2018లో అనుమతి పొందింది. 2019 ఏప్రిల్‌లో దివాలా తీసింది. మందు పనికిరాక కాదు. కొత్త యాంటీబయాటిక్‌ను ఎంత తక్కువగా వాడితే అంత కాలం పనిచేస్తుంది. ఎంత ఎక్కువగా అమ్మితే అంత లాభం వస్తుంది. ఈ రెండూ ఒక చోట ఇమడవు. ఉపయోగవిలువకూ మారకపువిలువకూ మధ్య వైరుధ్యాన్ని విద్యార్థులకు వివరించటానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. 2019 ఒక్క ఏడాదిలో, మందులకు లొంగని బాక్టీరియాల మూలంగానే నేరుగా 12 లక్షల 70 వేల మంది మరణించారని ఒక అంతర్జాతీయ అంచనా.

పత్రికలు ఈ క్రిములకు ‘మొండి’ అనే విశేషణం తగిలిస్తాయి. భాష చెప్పుకునేవాడిగా నాకు ఈ మాట మీద అభ్యంతరం వుంది. క్రిమికి మొండితనం లేదు, పగ లేదు, పాండిత్యం లేదు. మనం వేసిన ప్రతి మందునూ, వేయకుండా మిగిల్చిన ప్రతి పనినీ అది నమోదు చేస్తుంది, అంతే. ఆ ప్రయోగశాల కాగితం మీద ‘రెసిస్టెంట్’ అన్న ప్రతి మాట వెనకా ఒక కోళ్లఫారం, ఒక కిక్కిరిసిన వార్డు, ఒక మురుగు కాలువ, ఒక కౌలు ఒప్పందం వున్నాయి. అది మామయ్య నేరచరిత్ర కాదు; మనందరి చరిత్ర.

కనుక మన కర్తవ్యం మందును తిరస్కరించటం కాదు. మందును మందుగా నిలుపుకోవాలంటే, న్యాయానికి బదులుగా దాన్ని వాడటం మానాలి. ప్రభుత్వరంగంలో పరిశోధన, కర్మాగారాల మురుగుమీద కఠినమైన చట్టం, ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో కట్టు మార్చే మనిషి, చక్కెర వ్యాధి వున్న శ్రామికుడికి చెప్పులూ, గాయం మానేదాకా భృతీ – ఇవి వైద్యశాస్త్రపు కోరికలే, రాజకీయ కోరికలు కూడా. వీటిని వేరుచేసి చూసినంతకాలం కాగితం మీద ఆ మాట పెరుగుతూనే వుంటుంది.

మామయ్య పాదం చివరకు మానింది. ఒక వేలు తీసివేశారు, కుళ్లిన కండ కోశారు, పిండికట్టు వేశారు, మిగిలిన ఒక్క మందునూ సూదిద్వారా ఎక్కించారు. కాని నాలుగు నెలలపాటు ఆయన మంచం మీదనే వుండగలగటానికి కారణం డాక్టరు ఆజ్ఞ కాదు. ఆ ఏడు భూమిని మరొకరికి కౌలుకు యిచ్చేశారు. మడిలో దిగే పని లేకపోయింది. భారం ఆ విధంగా దిగింది. ‘కాలు నిలబడింది అల్లుడూ, నిలబడటానికి చేను లేదు’ అన్నాడు. గాయం మానాలంటే బతుకుతెరువు పోవలసిన స్థితి వున్నంతకాలం, ఏ క్రిమి ఏ మందుకు లొంగుతుందన్న లెక్క సగం లెక్కే.